క్రొత్త ఊరి ప్రాణుల పద్దు

హోసూరు, కృష్ణగిరి సీమలో కాపురము పెట్టిన తెలుగువాడొకడు తన చుట్టునున్న జీవరాశికి లెక్క వ్రాయబూనిన వైనము

కొలువు నిమిత్తమై క్రొత్త ఊరు చేరిన గృహస్థుడు మొదట ఇల్లు వెదకును. పిదప పాలవానిని, పచారీ కొట్టును, పిల్లల బడిని, నమ్మదగిన వైద్యుని వెదకును. ఇవన్నియు అమరి, ఇరుగుపొరుగువారి పేర్లు నోటికి వచ్చి, ఏ వీధికి ఏ వేళ నీళ్ళు వదలుదురో తెలిసిన పిమ్మట, ఇక ఈ ఊరు నాకు తెలిసినదని నిశ్చింతగా కుర్చీలో వెనుకకు వాలును. ఆ ఊరిలో తనకంటె ముందునుండి, అద్దె చీటి లేకయే, తరతరములుగా కాపురమున్నవారింకెవరైన కలరా యను ప్రశ్న సామాన్యముగా ఎవ్వరికిని తోచదు. తోచినవాడు మాత్రము ఊరకుండలేడు. ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుటపై ఊరి పేరును తేదీని వ్రాసి, ఆ దినము మొదలుకొని తన కంటబడిన ప్రతి పక్షికిని, ప్రతి మృగమునకును, తొండకును, తాబేలునకును పద్దు వ్రాయనారంభించును. పాశ్చాత్యదేశములలో ఇది పెద్ద వ్యసనము. అమెరికాలో ఫీబీ స్నెట్సింగర్ అను గృహిణి, లోకమంతయు తిరిగి ఎనిమిదివేలకు మించిన పక్షిజాతులను కన్నులార చూచి వ్రాసికొన్న మొదటి మనిషియని పేరుపొంది, 1999లో మడగాస్కరు ద్వీపమునకు పక్షులను చూడబోయి అచ్చటనే రోడ్డు ప్రమాదమున మరణించెను. ఆమెది భూగోళపు పద్దు. నేను చెప్పబోవునది రెండు మూడు తాలూకాల పద్దు.

నేను నెల్లూరివాడను. నందికొండలలో పుట్టి చెరియొక దిక్కునకు సాగిన పినాకినులు రెంటిలో ఉత్తర పినాకినిని, అనగా మా పెన్నను, చూచుచు పెరిగినవానికి బ్రతుకుతెరువు దక్షిణ పినాకిని యొడ్డున దొరకుట కేవలము యాదృచ్ఛికమే యైనను మనసున కొకింత ఊరట కలిగించినది. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తున, బెంగుళూరు ముంగిట, తమిళనాటి వాయవ్యపు కొనను ఉన్నది. మోటారు బండ్లు, గడియారములు తయారగు కార్ఖానాలకును, గులాబీ తోటలకును ప్రసిద్ధి. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచ్చేరిలో తమిళము మాటలాడు కుటుంబములు ఇచ్చట కోకొల్లలు. రాజాజీ పుట్టిన తొరపల్లి ఈ ఊరి చేరువనే కలదు. ఒకప్పుడు సేలము జిల్లాలోనిదై, 1965లో ధర్మపురి జిల్లాకు మారి, 2004లో కృష్ణగిరి జిల్లాకు చేరిన తాలూకా ఇది. జిల్లా మారినప్పుడెల్ల కచ్చేరుల బోర్డులు మారినవి గాని ఏనుగుల దారి మారలేదు. ఆ మాట తరువాత చెప్పెదను.

పద్దు వ్రాయుటకు పెద్ద విద్య అక్కరలేదు. తేదీ, వేళ, చోటు, ప్రాణి పేరు, ఎన్ని, ఏమి చేయుచుండెను అను ఆరు గడులు చాలును. నా పుస్తకమున మొదటి పుటలో మొదటి పేరు కాకి, రెండవది గోరింక, మూడవది ఉడుత. ఇది చూచి నా కార్ఖానా మిత్రుడొకడు, కాకిని చూచుటకు హోసూరు దాక రావలయునా యని పరిహసించెను. ఆతని పరిహాసమున న్యాయము లేకపోలేదు. క్రొత్త ఊరు చేరినవాని చూపు సహజముగనే అపూర్వమైనదానికై పరుగిడును. ఏనుగు, చిరుత, ఎలుగు అను మూడు పేర్లు వ్రాసికొన్ననాడు గాని పుస్తకము పుస్తకము కాదనిపించును. కాని కాకిని వదలి వ్రాసిన పద్దు వ్రాసినవాని అభిరుచిని మాత్రమే చెప్పును. కాకితో కూడ వ్రాసినదైనచో ఊరిని చెప్పును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2002లో నెలకొల్పగా నేడు లోకమందంతట పక్షిప్రియులు వాడుచున్న ఈబర్డ్ అను పద్ధతికి ఇదియే మూలసూత్రము. ఇంత సేపు, ఇంత దూరము తిరిగితిని, గుర్తించిన పక్షులలో ఒక్కదానినైనను విడువక వ్రాసితిని అని వ్రాసినవాడు హామీ ఇచ్చినచో, ఆ పట్టికలోని పేర్లే కాదు, లేని పేర్లును సాక్ష్యమే యగును. నూరు పట్టికలలో ఎన్నింట పిచ్చుక కనబడినదో లెక్క తీసి, పదియేండ్ల తరువాతి పట్టికలతో పోల్చి, పిచ్చుక పెరిగినదో తరిగినదో చెప్పవచ్చును. కాకిని నీచముగా చూచి వదలినవాని పట్టికతో ఈ పని జరుగదు.

ఊరి నడుమ కొండమీద చంద్రచూడేశ్వరుడు కొలువై యున్నాడు. పరమేశ్వరుడు పార్వతిని ఆటపట్టించుటకై ఉడుము రూపమున ఈ కొండపై తిరిగెనని స్థలపురాణము. కావున ఈ కొండ ప్రాణులలో మొట్టమొదట గ్రంథమున కెక్కినది ఉడుమే యని నేను ఇంటివారితో అనుచుందును; వారు నవ్వరు. నా పద్దులో మాత్రము ఈ కొండకు అగ్రస్థానము బండలమీది తొండది. మెట్లకు ప్రక్కగా, ఎండకు కాగిన నున్నని గండశిలపై, వేసవి చివర ఒక ఉదయమున దానిని చూచితిని. మగది, వీపు పొడవునను కుంకుమ పూసినట్లు ఎర్రని పట్టె, ప్రక్కలు కాటుక నలుపు. ముందుకాళ్ళపై లేచి, తల నాల్గుసార్లు ఊపి, నిలిచి, మరల ఊపెను. బండ క్రింది అంచున బూడిదరంగు ఆడది, రాతిలో రాయివలె కదలక పడియుండెను. ఇంతలో పై బండనుండి మరియొక మగ తొండ దిగెను. దిగినదో లేదో, మొదటి దాని వీపుపై ఎరుపు కరగి పసుపు తేలెను. ప్రక్కల నలుపు విడి నారింజ వన్నె వచ్చెను. ఇదంతయు నేను కండ్లజోడు తీసి తుడిచి పెట్టుకొను నంత సేపు పట్టలేదు. వచ్చినది వచ్చిన దారినే పోయెను. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ జాతి తొండలనే పరీక్షించి, ఆడదాని యెదుట ధరించు వన్నెలు వేరు, పోటీ మగదాని యెదుట ధరించు వన్నెలు వేరనియు, నగరపు శివార్లలో పెరిగిన తొండల రంగులు పల్లె తొండల రంగులకంటె వెలవెలబోవుననియు తేల్చియున్నారు. పుస్తకమున ‘ఏమి చేయుచుండెను’ అను ఆరవ గడి ఆనాడు నాకు చాలలేదు. ప్రక్క పుటకు పోవలసి వచ్చెను.

క్రొత్తవానికి ఒక భాగ్యము కలదు: అతనికి ఏదియు అలవాటు కాదు. నెల్లూరి సముద్రతీరపు మైదానమున పెరిగిన నా చెవికి, ఇచ్చటి మఱ్ఱిచెట్లలో దినమంతయు విరామము లేక ‘కుటుర్ కుటుర్’ మని మ్రోయు, తెల్లని చెక్కిళ్ళు గల పచ్చని కుట్రుపక్షి మొదటి వారమున నిద్ర చెరచెను. మా వీధిలో పుట్టి పెరిగిన పెద్దలను అది ఏమని అడుగగా, ఏ పిట్ట, ఏ చప్పుడు అని వారు నన్నే ఎదురడిగిరి. వారికి ఆ ధ్వని గాలివలె సహజమైపోయినది. అట్లే తలపై నల్లని సిగయు, కంటి వెనుక ఎర్రని బొట్టును గల పికిలి, మా ఇంటి గోడపైకి ప్రాకిన తీగలో గూడు కట్టెను. మా ఊరిలో నేనెరిగిన పికిలి తోకక్రింద మాత్రమే ఎరుపు గలది. ఈ భాగ్యము శాశ్వతము కాదు. నెలలు గడచుకొలది పద్దులో క్రొత్త పేర్లు తగ్గును. పుటకు పది పేర్లెక్కిన పుస్తకమున పది పుటలకు ఒక్క పేరు ఎక్కుట కష్టమగును. చాలమంది ఇచ్చటనే విసిగి పుస్తకము మూసివేయుదురు. నా యెరుకలో అసలు పని అప్పుడు మొదలగును. ఎందుకనగా, ఏది కలదను ప్రశ్నకు జవాబు దొరకిన తరువాతనే ఎంత కలదు, ఎప్పుడు కలదు, ఎందుకు లేదు అను ప్రశ్నలు పుట్టును.

చెరువుల విషయమే చూడుడు. ఊరిలోని రామనాయకుని చెరువు గట్టున నిలిచినచో బొల్లికోళ్ళు, నీటికాకులు, గూడబాతులు కనబడును. గూడబాతును చూడగనే నాకు నేలపట్టు తోచినది. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు చెరువులో నీట మునిగిన కడప చెట్లపై శీతకాలమున గూళ్ళు కట్టి పిల్లలను లేపు పక్షులివియే. కర్ణాటకమున కొక్కరె బెళ్ళూరు గ్రామమున ఇండ్ల నడుమ చెట్లపై గూళ్ళు కట్టునవియు ఇవియే. హోసూరు చెరువున ఈదుచున్నది ఎచ్చటి పిల్లయో కాలికి ముద్ర లేనిదే చెప్పతరము కాదు. నా పుస్తకమున మాత్రము ఆ దినపు గడిలో సంఖ్య ప్రక్కన ‘మావూరిది కావచ్చును’ అని వ్రాసికొంటిని. శాస్త్రమునకు పనికిరాని మాట; కొట్టివేయుటకు మనసొప్పలేదు. కెలవరపల్లి ఆనకట్టకు పోయిన దినముల పద్దు ఇంత ముచ్చటగా ఉండదు. దక్షిణ పినాకిని బెంగుళూరు ప్రక్కనుండి వచ్చుచు, ఆ మహానగరపు మురుగును, కార్ఖానాల మడ్డిని మోసికొని వచ్చుటచే, నీరు విడిచినపుడు ఆనకట్ట దిగువన తెల్లని నురుగు గుట్టలు గుట్టలుగా పేరుకొని గాలికి ఎగురుచుండును. ఆ నురుగు నడుమ నిలిచి చేపకై పొంచియున్న కొంగను కూడ నేను లెక్కించితిని. పక్షి కనబడినది గనుక నీరు మంచిదని ఎవరైన వాదించినచో నా పుస్తకమును సాక్ష్యమునకు ఈయను. ఆకలి గొన్నవాడు పంక్తి శుభ్రత చూడడు.

మనకు ముందు వ్రాసినవారు

ఈ సీమలో పద్దు వ్రాయుట నాతో మొదలు కాలేదు. మా నెల్లూరిలోనే 1840 దశాబ్దమున ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా నుండిన థామస్ జెర్డన్ అను దొర, రోగుల నాడి చూచుట కంటె యానాదులతో కూడి అడవులు తిరుగుటయందే ఎక్కువ మక్కువ గలవాడు. దక్షిణాది గండశిలల కొండలలో తప్ప లోకమున మరెచ్చటను లేని పసుపుగొంతు పికిలిని 1845లో శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడు ఆతడే. 1862 మొదలు 1864 వరకు వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథమున పక్షి వెంబడి దేశభాషలలోని పేర్లను, అందు తెలుగు పేర్లను కూడ, అడిగి తెలిసికొని చేర్చెను. ఈ పసుపుగొంతు పికిలి నందికొండలోను, మన హార్స్‌లీ కొండలలోను, ఈ కృష్ణగిరి సీమ రాతికొండలలోను కలదు. మిగిలిన పికిళ్ళవలె పెరటికి రాదు. రాళ్ళును, రాళ్ళ సందులలో పొదలును ఉన్నచోటనే యుండును. ఒడలు బూడిదవన్నె, తలయు గొంతును పసుపు. కృష్ణగిరి జిల్లా గ్రానైటు రాతికి ప్రసిద్ధము; ఇచ్చటి రాయి పలకలై దేశదేశములకు పోవుచున్నది. రాయి పోయిన కొండలో ఈ పికిలికి చోటు లేదు. నేను దానిని రాయకోట వైపు ఒక కొండ యంచున చూచిన నాటి గడిలో, ప్రక్క కొండపై యంత్రము రాతిని కోయుచుండెనని కూడ వ్రాసికొంటిని.

జెర్డన్ పేరుతోనే కలివికోడి కథ చెప్పక తప్పదు. ఆతడు పంపగా 1848లో పేరుపొందిన ఆ పక్షి, 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, అంతరించినదనుకొనబడుచుండగా, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర పొదల అడవిలో మరల దొరకినది. దొరకించినవాడు పట్టభద్రుడు కాడు. ఐతన్న యను స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని చేపట్టెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించి లోకమునకు చాటెను. ఎనుబదియారేండ్లు పద్దులలో లేని పక్షి ఆ పొదలలో తిరుగువారి యెరుకలో ఉండనే ఉండెను. వ్రాయువాడు అడుగవలసినవారిని అడుగలేదు.

హోసూరు అడవుల విషయమున ఎక్కువ వ్రాసినవాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో మన సికింద్రాబాదు బొల్లారమున పుట్టి, బెంగుళూరు విమాన కర్మాగారమున ఉద్యోగము చేయుచు, సెలవు దొరకినపుడెల్ల ఈ అడవులకు వచ్చినవాడు. 1954లో వెలువడిన ఆతని మొదటి గ్రంథమున జవళగిరి నరభక్షకి కథ కలదు. 1959 నాటి గ్రంథమునకు శివనిపల్లి నల్లచిరుత పేరే పెట్టబడినది. తుపాకి పట్టినవాడే గాని, వాగు ఎచ్చట వంగినది, బంగళా ఏ దిక్కున నున్నది, ఏ పక్షి కూసిన ఏ మృగము కదలుచున్నట్లు అను వివరములను అంత శ్రద్ధగా వ్రాసినవాడు మరియొకడు లేడు. డెంకణికోట, గుల్హట్టి, అంచెట్టి పేర్లు ఇంగ్లీషు పాఠకలోకమునకు తెలిసినది ఆతనివలననే. కథలలో కొంత మసాలా పడినదని విమర్శకులందురు. నాకును ఆ అనుమానము కలదు. ఐనను వేట కథలోని సాహసమును తీసివేసి, మిగిలిన దానిని మాత్రము చదివినచో, అది ఒక కార్ఖానా ఉద్యోగి ఆదివారపు పద్దు. ఆతని పేరనే ఒక ప్రకృతి సంఘము నేడు హోసూరు కేంద్రముగా మేలగిరి కొండలలో పనిచేయుచున్నది. ఆండర్సను నాటి అడవులలో పెద్ద భాగము నేడు అభయారణ్యము: 2014లో కావేరి ఉత్తర అభయారణ్యము సుమారు 504 చదరపు కిలోమీటర్లతోను, 2022 నవంబరులో కావేరి దక్షిణ అభయారణ్యము సుమారు 686 చదరపు కిలోమీటర్లతోను ఏర్పడినవి. దక్షిణపు అడవిలో 35 జాతుల క్షీరదములును 238 జాతుల పక్షులును నమోదైనవని ప్రభుత్వపు లెక్క. కావేరి యొడ్డు మ్రాకులపై బూడిదవన్నె కొండ ఉడుత, నీటిలో నీటికుక్కలు, మొసళ్ళు కలవు. అనుమతి లేనిదే లోపలికి పోరాదు; పోకున్నను నష్టము లేదు. సరిహద్దు వెలుపలి రోడ్డున, రాగిచేల గట్లపై కనబడునది ఒక జీవితకాలమునకు చాలును.

లేని పేర్ల లెక్క

దసరానాడు పాలపిట్టను చూచుట మనవారికి శుభము. తెలంగాణమునకు అది రాష్ట్రపక్షి. నా పద్దులో మాత్రము పాలపిట్ట గడులు నానాటికి పలుచనగుచున్నవి, నెమలి గడులు నిండుచున్నవి. తొలుత ఇది నా తిరుగుడులోని తేడా యనుకొంటిని. దేశమందలి ముప్పదివేలకు పైగా పక్షివీక్షకులు పంపిన మూడుకోట్ల నమోదులనుండి 942 జాతుల స్థితిని అంచనా వేసిన 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదికయు ఆ మాటయే చెప్పినది: పాలపిట్ట పండ్రెండేండ్లలో సుమారు 30 శాతము తగ్గినది, నెమలి, కోకిల వర్ధిల్లుచున్నవి. ఆ ముప్పదివేలమందిలో శాస్త్రజ్ఞులు కొద్దిమందియే. మిగిలినవారు బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, వైద్యులు, విద్యార్థులు. ఒక్కొక్కని పద్దు వేరుగా చూచిన పిచ్చివాని ప్రలాపమువలె నుండును. కలిపి చూచినపుడు పాలపిట్టకై తీగల వంక చూచి, చూచి, ఊరక వచ్చిన వేలమంది ఉదయములు అందు సాక్ష్యము పలుకును.

అందుచేత ఏమియు కనబడని దినమును కూడ వ్రాయుట అలవరచుకొంటిని. బాగలూరు రోడ్డు ప్రక్కన ఒక బీటిభూమి యుండెను. తొలి యేట అచ్చట కౌజులు, తీతువలు, సాయంవేళ ఒక గుంటనక్క. మరుసటి యేట ప్లాటు రాళ్ళు. ఆ పిమ్మట గోడ. పుస్తకమున ఆ చోటు క్రింద ఇప్పటికిని తేదీ వేయుచునే యున్నాను. తీతువ గడిలో సున్న, కౌజు గడిలో సున్న, నక్క గడిలో సున్న, కుక్కల గడి నిండుగ. ఈ సున్నల పంక్తి చూచి నవ్వినవారు కలరు. స్థలము కొన్నవారికి చూపుటకు కాదు గాని, నా పుస్తకమున నేను మెచ్చుకొను పుటలలో అది యొకటి.

వ్రాసినదంతయు పైకి చెప్పదగినది కాదనుట కూడ ఇచ్చటనే చెప్పవలయును. చింతతోపులలో రాత్రివేళ కొమ్మనుండి కొమ్మకు నెమ్మదిగా ప్రాకు దేవాంగపిల్లి, పొలములలోని నక్షత్ర తాబేలు, రాతిగనుల అంచున గూడు పెట్టు గూబ — ఈ మూటి చిరునామా వెల్లడియైనచో పూజల పేరనో, అదృష్టము పేరనో పట్టి అమ్ముకొనువారు మరునాడే అచ్చట నిలుతురు. నక్షత్ర తాబేలును 2019లో అంతర్జాతీయ వాణిజ్య నిషేధపు జాబితాలో చేర్చినను చాటుబేరము ఆగలేదు. నా పుస్తకమున ఈ ప్రాణుల ఎదుట ‘చోటు’ గడి ఖాళీగా నుండును. ఫోటోలో చెట్టు ఆనవాలు తెలియునట్లు పెట్టు ఉత్సాహవంతులను చూచిన నాకు కోపము వచ్చును. వారిలో చదువుకున్నవారే ఎక్కువ.

ఇక ఏనుగులు. ప్రతి యేట శీతకాలమున, రాగి పంట పండు వేళకు, బన్నేరుఘట్ట అడవులనుండి గుంపులు గుంపులుగా తళి, జవళగిరి మీదుగా డెంకణికోట వైపునకును, హోసూరు దాపున సానమావు అడవికిని, ఒక్కొక్క యేట శూలగిరి దాటి తూర్పునకును ఏనుగులు వచ్చును. 1980 దశాబ్దమున ఈ ప్రాంతమునుండియే కొన్ని గుంపులు కుప్పము, పలమనేరు అడవులకు చేరి స్థిరపడగా, అప్పటికి ఎంతో కాలముగా అడవియేనుగు లేని ఆంధ్రదేశమునకు మరల ఏనుగులు వచ్చినవి; వానికొరకే 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. వాని రాక తిండికొరకే. దక్షిణాది ఏనుగులను దీర్ఘకాలము పరిశీలించిన ఆచార్య రామన్ సుకుమార్, అడవి గడ్డికంటె రాగిలోను వరిలోను మాంసకృత్తులు, సున్నము, ఉప్పు హెచ్చుగా నున్నవని, చేలపైబడుట ఆడ ఏనుగులకంటె మగ ఏనుగులకే ఎక్కువ అలవాటని చూపెను. ఏనుగు మన పొలము వెలను మనకంటె బాగుగ కట్టినది.

డెంకణికోట అవతల ఒక పల్లెలో మధ్యాహ్నవేళ గట్టుమీద కూర్చుండి, అంతకు ముందు సాయంకాలము దూరమునుండి చూచిన గుంపును పుస్తకమున చేర్చుకొనుచుండగా, ఆ చేని రైతు వచ్చి ప్రక్కన చతికిలబడెను. డెబ్బదియేండ్ల వృద్ధుడు, ఇంట తెలుగు మాటలాడువాడు. రాత్రియంతయు మంచెమీద మేలుకొని డప్పు కొట్టిన కండ్లు.

“ఏం రాస్తా ఉండావు సామీ?”

“ఏనుగుల లెక్క, పెద్దాయనా. పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని అని.”

“దేనికి? గవర్నమెంటుకా?”

“కాదు. నా కోసమే.”

ఆయన పుస్తకము తీసికొని, అక్షరములు చదువక, గడులను మాత్రము వ్రేలితో తడవి చూచెను. “అన్నీ గీసినావు. మా రాగుల గడి యాడుంది?”

నాకు జవాబు తోచలేదు. ఆయన నిష్ఠురముగ అనలేదు. ఉన్న మాట అడిగెను. తొక్కినది ఎంత, తిన్నది ఎంత, కుప్ప వేసిన పిమ్మట పోయినది ఎంత అని వేరు వేరుగా చెప్పెను. తిన్నదానికంటె తొక్కినదే ఎక్కువ. అయిదారు పిల్లలు కలిగిన గుంపు వచ్చినపుడు తల్లులు త్వరగా మరలునని, ఒంటరి మగది తెల్లవారుదాక కదలదని, టపాకాయ మొదటి రెండు రాత్రులే పనిచేయునని, తరువాత దానికి తెలిసిపోవునని చెప్పెను. కరెంటు తీగ పెట్టిన వాడొకడు ఏనుగు చచ్చి జైలు పాలయినాడని, తాము అట్టి పని చేయమని కూడ చెప్పెను. ఆచార్యుడు ఏండ్లు తిరిగి తేల్చినది సగము ఆయన గట్టుమీద కూర్చుండి నాకు చెప్పెను. నేను వ్రాసికొంటిని. నాటినుండి నా పుస్తకమున ఏనుగు పుటకు ఏడవ గడి యొకటి కలదు: చేను.

పొంగలి పండుగ దినములలో తమిళనాట 2015 నుండి పక్షుల గణన జరుగుచున్నది. పదునైదు నిమిషములు ఒకచోట నిలిచి చూచినవన్నియు వ్రాసి పంపినచో చాలును, పిల్లలును చేయవచ్చును. మా వీధి పిల్లలు కొందరు గత పొంగలికి రామనాయకుని చెరువు గట్టున నాతో నిలిచి, బొల్లికోళ్ళ సంఖ్యలో నాతో ఘర్షణ పడి, తమ లెక్కనే పంపిరి. ఏనుగులకు మాత్రము అట్టి తేదీ లేదు. కార్తికము దాటినది మొదలు డెంకణికోట పెద్దాయన మనుమడు ఫోను కలిపి ఆయన చేతికిచ్చును. కుశలప్రశ్నలు ఉండవు. “రాత్రి వచ్చినాయి సామీ. తొమ్మిది. దాంట్లో పిల్లలు రెండు. కింది మడి పోయింది, కుప్ప మిగిలింది. రాసుకో,” అని ఫోను పెట్టివేయును.